ఉప్పాడ తీరం: ఊరిని మింగుతున్నది ఎవరు?

తుఫాను వెళ్లిపోయి, కెరటాలు కాస్త నెమ్మదించాక ఉప్పాడలో ఓ వింత మొదలవుతుంది. ఆడా మగా, పిల్లా పెద్దా ఒడ్డుకొచ్చి తడి ఇసుకలో బంగారం వెతుకుతారు. 2020 నవంబర్‌లో నివర్ తుఫాను తర్వాత ఆ వీడియోలు మీ ఫోన్లలోకి కూడా వచ్చే ఉంటాయి. 'సముద్రం బంగారం పంచుతోంది' అన్న టైపులో థంబ్‌నెయిల్స్ పెట్టారు. ఊళ్లో వాళ్లని అడిగితే వేరే మాట చెబుతారు. ఆ బంగారం సముద్రానిది కాదు, ఊరిదే. ఒకప్పుడు కోతలో కలిసిపోయిన ఇళ్లదీ, గుళ్లదీ. మింగినదాంట్లోంచి సముద్రం అప్పుడప్పుడూ చిల్లర తిరిగిస్తోంది, అంతే.

ఉప్పాడ అంటే మనలో చాలామందికి జాందానీ చీర గుర్తొస్తుంది. 2009లో భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, దక్కిన చీర అది. కాకినాడ జిల్లాలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఈ ఊరికి ఇంకో గుర్తింపు కూడా ఉంది. ఆంధ్రాలో సముద్రపు కోత గురించి ఎవరు మాట్లాడినా మొదట వచ్చే పేరు ఇదే. కోతకి కారణం ఏంటి అని అడగండి, నలుగురు నాలుగు జవాబులు చెబుతారు. పోర్టు అంటారొకరు. డ్యాములు అంటారింకొకరు. గ్లోబల్ వార్మింగ్ అని ఒకరు, 'ఇదంతా ఎప్పుడూ ఉన్నదే' అని మరొకరు.

సంక్రాంతికి కాకినాడలో అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు, ఈ నాలుగు జవాబుల్నీ పక్కన పెట్టుకుని ఉప్పాడ తీరంలో రెండు రోజులు తిరిగాను. బండి నడిపింది మా బావ. వాదించిందీ ఆయనే.

రాళ్ల పక్కన రోడ్డు

హైదరాబాద్ నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి కాకినాడ. పండగ రోజుల్లో టికెట్ దొరకడమే ఓ పండగ, ముందే చూసుకోండి. కాకినాడ నుంచి ఉప్పాడకి బీచ్ రోడ్డు ఉంది. వాకలపూడి లైట్‌హౌస్ దాటి, ఫ్యాక్టరీలు వెనక్కి పోయాక కుడివైపు సముద్రం తెరుచుకుంటుంది. మొదట కాసేపు ఇసుక, సరుగుడు చెట్లు, ఫొటోలు దిగే జంటలు. తర్వాత ఇసుక సన్నబడుతూ వస్తుంది. ఉప్పాడ దగ్గర పడేసరికి ఇసుక ఉండాల్సిన చోట పెద్ద పెద్ద నల్ల బండరాళ్లు, వాటిని ఆనుకుని రోడ్డు, రోడ్డుకి ఇటు ఇళ్లు. పోటు మీదున్నప్పుడు కెరటం రాళ్లకి కొట్టుకుని, తుంపర వచ్చి హెల్మెట్ అద్దం మీద పడుతుంది. తుఫాను హెచ్చరిక వస్తే ఈ రోడ్డు మూసేస్తారు. ప్రతిసారీ ఎక్కడో ఒక చోట తెగుతుంది, మళ్లీ పోస్తారు, మళ్లీ తెగుతుంది.

రాళ్ల సందుల్లో అక్కడక్కడా చిరిగిపోయిన మందపాటి గుడ్డ కనిపిస్తుంది. అది జియోట్యూబ్ గోడ తాలూకు మిగులు. దాదాపు పదిహేనేళ్ల కిందట, పెద్ద పెద్ద గుడ్డ గొట్టాల్లో ఇసుక నింపి ఒడ్డు వెంట పేర్చారు. కొన్నాళ్లు కాపాడింది. తర్వాత తుఫాన్లు వాటిని చీల్చుకుంటూ పోయాయి.

"చూశావా? కోట్లు పోసి గుడ్డలు కప్పారు. సముద్రానికి గుడ్డ కప్పితే ఆగుతుందా?" అన్నాడు బావ. ఆయన చేసేది కన్‌స్ట్రక్షన్ పని. ప్రపంచంలో ఏ గోడ చూసినా ముందు ఖర్చు లెక్కేస్తాడు.

టీ కొట్టు దగ్గర నాలుగు కారణాలు

ఉప్పాడలో రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర ఆగాం. వేట నుంచి వచ్చిన పడవలు ఒడ్డుకి లాగి ఉన్నాయి. ఒక ముసలాయన వల సరిచేసుకుంటున్నారు. పక్కన కూర్చుని, "తాతా, ఇక్కడ ఒడ్డు ఇంత కోసుకుపోవడానికి కారణం ఏంటంటావు?" అని అడిగాను.

ఆయన తల ఎత్తకుండానే దక్షిణం వైపు చూపించారు. "అదిగో, ఆ పక్కన. పోర్టు పెద్దదయ్యాక మాకు ఇసుక రావడం తగ్గిపోయింది బాబూ. మా చిన్నప్పుడు ఇక్కడి నుంచి నీళ్ల దగ్గరికి నడవాలంటే కాళ్లు కాలేవి. అంత ఇసుక ఉండేది."

బెంచీ చివర ఫోన్ చూసుకుంటున్న కుర్రాడు అందుకున్నాడు. "పోర్టు ఒక్కటే కాదు తాతా. మంచు కరిగి సముద్రం పెరుగుతోంది. నేను వీడియోలో చూశా. ఇంకొన్నాళ్లకి మన ఊరే ఉండదంట."

టీ కొట్టు నడిపే ఆవిడ గ్లాసులు కడుగుతూ, "గోదాట్లో నీళ్లే సరిగ్గా రానప్పుడు ఇసుకెక్కడి నుంచి వస్తాదండీ? పైన అన్ని ఆనకట్టలు కట్టేసుకున్నారు కదా" అన్నారు.

ఇక మా బావ వంతు. "ఒరేయ్, కోరింగ తెలుసా నీకు? 1839లో తుఫానొచ్చి మొత్తం రేవునే తుడిచిపెట్టేసింది. అప్పుడు కార్లున్నాయా? ఏసీలున్నాయా? సముద్రం ఎప్పుడూ తింటూనే ఉంది. ఇప్పుడు కొత్తగా దానికి క్లైమేట్ చేంజ్ అని ఇంగ్లిష్ పేరు పెట్టారు, అంతే."

కోరింగ మాట నిజం. కాకినాడకి దక్షిణాన ఉన్న ఆ రేవు 1789లోనూ, 1839లోనూ తుఫాన్లకి బలైంది. ఈ తీరంలోనూ బంగాళాఖాతంలోనూ వచ్చిన ఇలాంటి తుఫాన్లని చదివే, కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ 1840ల్లో 'సైక్లోన్' అన్న మాట పుట్టించాడు. అంటే ఈ ఊళ్లకి తుఫాను కొత్త కాదు. మరి కొత్తగా వచ్చిందేంటి? నలుగురి మాటల్నీ ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి కారణం: నడిచే ఇసుక

తీరంలో ఇసుక ఒక చోట కూర్చోదు, నడుస్తుంది. కెరటాలు ఒడ్డుకి ఏటవాలుగా తగిలినప్పుడల్లా ఇసుకని కొంచెం పక్కకి జరుపుతాయి. నైరుతి రుతుపవనాల నెలల్లో మన తీరంలో ఆ నడక ఉత్తరం వైపు. శీతాకాలంలో కొంత వెనక్కి వస్తుంది కానీ, ఏడాది మొత్తం లెక్క తీస్తే ఉత్తరానికి వెళ్లేదే ఎక్కువ. ఉప్పాడకి దక్షిణాన గోదావరి ఉంది. కాబట్టి నది తెచ్చిన ఇసుకలో కొంత నడుచుకుంటూ ఉప్పాడ వైపు రావాలి.

మధ్యలో రెండు అడ్డంకులు వచ్చాయి. ఒకటి సహజమైనది: హోప్ ఐలాండ్. గోదావరి ఇసుకతోనే, సుమారు రెండు వందల ఏళ్లలో పెరిగిన ఇసుక నాలుక అది. దాదాపు 16 కిలోమీటర్ల పొడవు. కాకినాడకి అది గొడుగు లాంటిది. దాని వెనకాల నీళ్లు ప్రశాంతంగా ఉండబట్టే కాకినాడ మంచి రేవైంది. కానీ ఉత్తరానికి రావాల్సిన ఇసుకని ఆ నాలుక తన దగ్గరే పట్టేసుకుంటోంది. కెరటాల దారిని కూడా మార్చి, ఉప్పాడ వైపు వాటి దెబ్బ ఎక్కువయ్యేలా చేసిందని పరిశోధకులు చెబుతారు. రెండో అడ్డంకి మనం కట్టింది: 1990ల నుంచి పెరిగిన డీప్ వాటర్ పోర్టు, దాని అడ్డుగోడలు, ఓడల కోసం తవ్వే లోతు. అడ్డుగోడ ఇసుక నడకని ఆపుతుంది. తవ్విన కాలువ ఇసుకని మింగుతుంది.

అంటే తాత చెప్పింది నిజం. కాకపోతే, పోర్టు లేకపోయినా హోప్ ఐలాండ్ ఆ పని కొంత చేసేది.

రెండో కారణం: రాని ఇసుక

టీ కొట్టు ఆవిడ మాటకి లెక్క ఉంది. ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1970ల్లో గోదావరి ఏటా దాదాపు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 1990ల నాటికి అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. 1852లో కాటన్ కట్టిన ధవళేశ్వరం ఆనకట్ట తర్వాత, ఎగువన జాయక్వాడీ, శ్రీరాంసాగర్ లాంటి రిజర్వాయర్లు ఎన్నో వచ్చాయి. నీళ్లు ఆగిన చోటే ఒండ్రు కూడా ఆగిపోతుంది.

ఇక్కడ నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది. హైదరాబాద్‌కి ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు పైపుల్లో వస్తాయి. నా ఫ్లాట్ కుళాయిలో వచ్చే నీళ్లలో గోదావరి వాటా ఉంది. మనం తినే అన్నంలోనూ ఉంది. డ్యాములు తప్పు అనడం తేలికే, ఆ నీళ్లు మానేస్తాం అనడం కష్టం. ఉప్పాడకి రాకుండా పోయిన ఇసుకకి బదులు ఎవరో ఎక్కడో లాభపడ్డారు. ఆ 'ఎవరో'లో మీరూ నేనూ ఉన్నాం.

మూడో కారణం: పెరిగే నీళ్లు

ఇప్పుడు కుర్రాడి మాట. 1901 నుంచి 2018 మధ్య ప్రపంచవ్యాప్తంగా సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006 తర్వాత వేగం ఏడాదికి 3.7 మిల్లీమీటర్లకి చేరింది. ఇవి ఐపీసీసీ 2021 నివేదికలో ఉన్న అంకెలు.

"ఇరవై సెంటీమీటర్లా? నా జానెడంత లేదు. దానికి ఊళ్లు పోతాయా?" అని బావ చెయ్యి చాపి చూపించాడు.

గోడకైతే జానెడే. ఇసుక ఒడ్డు గోడ కాదు, పళ్లెం లాంటిది. పళ్లెంలో నీళ్లు కొంచెం పెరిగినా అంచు వైపు చాలా దూరం పాకుతాయి. ఇసుక తీరంలో మట్టం ఎంత పెరిగితే ఒడ్డు దానికి 50 నుంచి 100 రెట్లు వెనక్కి జరుగుతుందని ఇంజినీర్లు ఓ ముతక లెక్క వాడతారు. అన్ని చోట్లా సరిగ్గా సరిపోదు కానీ, జానెడు ఎందుకు చిన్నది కాదో తెలియడానికి చాలు. పైగా తుఫాను వచ్చినప్పుడు ఉప్పెన మొదలయ్యే మెట్టే ఆ జానెడు పైకి జరిగి ఉంటుంది. అదే కెరటం ఇంకొంచెం లోపలికి వస్తుంది.

తుఫాన్ల విషయంలో కుర్రాడి వీడియో కంటే సైన్స్ కాస్త ఆచితూచి మాట్లాడుతుంది. తుఫాన్ల సంఖ్య పెరిగిపోతోందని గట్టిగా చెప్పడం లేదు. వచ్చేవాటిలో తీవ్రమైన వాటి వాటా పెరుగుతుందనీ, అవి కురిపించే వాన పెరుగుతుందనీ చెబుతోంది. వేడెక్కిన నీళ్లే తుఫానుకి ఇంధనం మరి. భూమి మీద అదనంగా పోగైన వేడిలో 90 శాతానికి పైగా సముద్రాల్లోకే వెళ్లింది.

'ఎప్పుడూ ఉన్నదే' అన్న మాట

బావ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. బండి స్టార్ట్ చేస్తూ, "సరే, వేడెక్కిందనే అనుకుందాం. అది మనుషుల వల్లే అని ఎలా చెప్తారు? భూమి వేడెక్కడం, చల్లబడటం ఎప్పుడూ ఉన్నదే కదా" అన్నాడు.

ఈ ప్రశ్న మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు అడిగే ఉంటారు. వాట్సాప్ గ్రూప్‌లో అయితే గ్యారంటీ. కోప్పడాల్సిన పని లేదు, మంచి ప్రశ్నే. వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది, నిజం. కాకపోతే ప్రతి మార్పుకీ ఓ కారణం ఉంటుంది, ఆ కారణం వేలిముద్రలు వదులుతుంది. ఈసారి దొరికిన వేలిముద్రలు ఇవి.

ఒకటి, సూర్యుడు. 1970ల చివరి నుంచి సూర్యుడి వేడిని శాటిలైట్లు కొలుస్తున్నాయి. భూమి వేడెక్కుతున్న ఈ దశాబ్దాల్లో అది పెరగలేదు. పైగా సూర్యుడే కారణమైతే వాతావరణం పైపొర స్ట్రాటోస్ఫియర్ కూడా వేడెక్కాలి. అది చల్లబడుతోంది. కింద దుప్పటి మందమైతే లోపల వెచ్చగా, పైన చల్లగా ఉంటుంది కదా, అలాగ.

రెండు, ఆ దుప్పటి. ఫ్యాక్టరీల కాలానికి ముందు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో 280 పాళ్లు. ఇప్పుడు 420 దాటింది. 1958 నుంచి హవాయిలోని మౌనా లోవా కొండ మీద దీన్ని కొలుస్తున్నారు.

మూడు, ఆ కార్బన్ ఎవరిదన్నది. బొగ్గు, పెట్రోలు కోట్ల ఏళ్ల నాటివి కాబట్టి వాటిలో కార్బన్-14 మిగలదు. గాలిలో పెరిగిన కార్బన్‌ని పరీక్షిస్తే అది ఈ పాత కార్బనే అని తేలుతుంది.

ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కూడా కాదు. ఈ వాయువు వేడిని పట్టుకుంటుందని యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ 1856లోనే ప్రయోగం చేసి చూపించింది. బొగ్గు కాలిస్తే భూమి ఎంత వేడెక్కుతుందో స్వీడన్‌కి చెందిన అరీనియస్ 1896లో లెక్క కట్టాడు. పాత రోజుల్లో వేల ఏళ్లు పట్టిన మార్పు ఇప్పుడు ఒకటిన్నర శతాబ్దంలో జరుగుతోంది. మనుషులే కారణం అన్న దాంట్లో అనుమానానికి చోటు లేదని ఐపీసీసీ 2021లో రాసింది.

"అంటే ఉప్పాడ కోతకి కార్బనే కారణం అంటావ్" అన్నాడు బావ.

అననండీ. అసలు విషయం అక్కడే ఉంది.

నెట్‌వర్క్ ఇష్యూ లాంటి మాట

మా ఆఫీసుల్లో ఒక అలవాటు ఉంది. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే మర్నాడు 'రూట్ కాజ్' రిపోర్టు రాయాలి. తెలివైన టీమ్ ఏది, తప్పించుకునే టీమ్ ఏది అన్నది ఆ రిపోర్టులో తెలిసిపోతుంది. తప్పించుకునే టీమ్ 'నెట్‌వర్క్ ఇష్యూ' అని రాసి ముగిస్తుంది. అది అబద్ధం కాకపోవచ్చు, నెట్‌వర్క్ నిజంగానే ఊగి ఉండొచ్చు. కానీ ఆ మాట రాశాక ఎవరి పేరు మీదా పని పడదు. తెలివైన టీమ్ మూడు నాలుగు కారణాలు రాసి, ఒక్కోదాని పక్కన ఎవరు, ఎప్పటిలోగా సరిచేయాలో రాస్తుంది.

ఉప్పాడలో 'క్లైమేట్ చేంజ్' అన్న మాట ఒక్కోసారి నెట్‌వర్క్ ఇష్యూ అయిపోతోంది. ఏం చేసినా ఆగదు, ప్రపంచమంతా ఇలాగే ఉంది అనేస్తే, పోర్టు దగ్గర ఆగిన ఇసుక గురించి అడిగేవాళ్లు ఉండరు. డ్యాముల ఒండ్రు గురించి అడిగేవాళ్లూ ఉండరు. గోడ ఎందుకు చిరిగిందని కూడా అడగరు.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. 'వేడెక్కడం అంతా ఉత్తిదే, ఇది పోర్టు గొడవ' అనుకుంటే, ఇవాళ్టి సముద్ర మట్టం చూసి గోడ కడతారు. ఉద్గారాలు బాగా తగ్గిస్తే 2100 నాటికి సముద్రం ఇంకో 28 నుంచి 55 సెంటీమీటర్లు పెరుగుతుందనీ, అసలు తగ్గించకపోతే 63 నుంచి 101 సెంటీమీటర్ల దాకా పెరుగుతుందనీ ఐపీసీసీ అంచనా. ఈ రెంటిలో ఏది వస్తుందో చూసుకోకుండా కట్టిన గోడకి వయసు తక్కువ.

ఇసుక రాకపోవడం ఉప్పాడ రోగం. పెరిగే నీళ్లు ఆ రోగిని ఇంకా బలహీనం చేస్తున్నాయి. రెంటికీ మందులు వేరు, డాక్టర్లు వేరు, గడువులు వేరు.

ఏ మందు ఎక్కడ పనిచేస్తుంది?

రెండో రోజు ఉప్పాడ దాటి ఉత్తరంగా కోనపాపపేట వైపు వెళ్లాం. దారిలో మాయాపట్నం దగ్గర ఒక మామ్మ ఇంటి ముందు చేపలు ఆరబెడుతోంది. "రాళ్లేస్తే మీకు మంచిదే కదా మామ్మా?" అన్నాను.

"వేసిన చోట మంచిదే నాయనా. వెయ్యని చోటికి వస్తాది అది" అంది.

తీర ఇంజినీరింగ్ పాఠంలో ఒక అధ్యాయం ఆ రెండు ముక్కల్లో ఉంది. రాతి గోడ తన వెనక ఉన్న ఇంటిని కాపాడుతుంది, ఇసుకని తేలేదు. గోడకి కొట్టుకున్న కెరటం ముందున్న ఇసుకని ఇంకా తవ్వుకుపోతుంది. గోడ అయిపోయిన చోట, పక్క ఊరి ఒడ్డు మీద దెబ్బ మొదలవుతుంది. అందుకే ఒక్కో ఊరికీ ఒక్కో గోడ కాకుండా, మొత్తం తీరానికి కలిపి ఒక ప్లాన్ కావాలి.

ఇసుకే సమస్య అయినప్పుడు ఇసుకే మందు. ఇది కలలో మాట కాదు. విశాఖలో పోర్టు తవ్విన ఇసుకని పైపుల ద్వారా ఆర్‌కే బీచ్‌కి చేరుస్తారు. మనం సెల్ఫీలు దిగే ఆ బీచ్ కొంతవరకు అలా నిలబెట్టిందే. పుదుచ్చేరిలో పోర్టు అడ్డుగోడల వల్ల బీచ్ మొత్తం పోయి రాళ్లు మిగిలాయి. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఇంజినీర్లు నీళ్లలో మునిగి ఉండే కృత్రిమ రీఫ్ కట్టి, ఇసుక పోసి, 2019 కల్లా బీచ్‌ని కొంత వెనక్కి తెచ్చారు. ఉప్పాడకి అదే అచ్చు సరిపోతుందని కాదు. కానీ 'ఏం చేయలేం' అన్న మాట మాత్రం నిజం కాదు.

'మడ అడవులు పెంచితే చాలు' అన్న పోస్టులు కూడా చూసుంటారు. కాకినాడకి దక్షిణాన ఉన్న కోరింగ అభయారణ్యానికి తప్పకుండా వెళ్లండి. చెక్క బాట మీద నడుస్తుంటే రెండు పక్కలా బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేర్లు, ఎర్ర పీతలు, మధ్యలో కాలువలు. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. ఆ మడ చెట్లు కెరటాల జోరు తగ్గిస్తాయి, ఒండ్రుని పట్టుకుంటాయి, కార్బన్‌ని బురదలో దాస్తాయి. కానీ అవి పెరిగేది ప్రశాంతమైన బురద నీళ్లలో. కెరటం నేరుగా వచ్చి కొట్టే ఉప్పాడ ఇసుక ఒడ్డున నాటితే వారం కూడా నిలవవు. మంచి మందే, ఈ రోగికి కాదు. ఉన్న చోట నరకకుండా కాపాడుకుంటే అదే పెద్ద సాయం.

ఇక చివరి మందు, ఎవరూ మింగలేనిది: ఊరిని వెనక్కి జరపడం. ప్లాన్ కాగితం మీద అది తేలిక. రెండు మూడు కిలోమీటర్లు లోపలికి స్థలం ఇస్తే పోలేదా అంటారు. మామ్మ ఒక ప్రశ్న అడిగింది. "పడవ ఇక్కడ, నేనక్కడ ఉంటే, రాత్రి గాలి మారితే ఎవరు చూస్తారు?" వేట అంటే ఆఫీసుకి వెళ్లి రావడం కాదు. పడవా, వలా, ఎండు చేపలూ అన్నీ ఒడ్డునే ఉంటాయి. ఇల్లు ఇవ్వడం ఒక్కటే కాదు, పడవ ఆగే చోటు, వల పెట్టుకునే గది, ఒడ్డుకి దారి కూడా ఆ ప్లాన్‌లో ఉంటేనే అది పునరావాసం. లేకపోతే ఇల్లు అద్దెకిచ్చి మళ్లీ ఒడ్డుకే వచ్చేస్తారు.

బిల్లు ఎవరికి వస్తోంది?

తిరిగొచ్చేటప్పుడు బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే గానీ, కార్బన్ వదిలింది అమెరికా, యూరప్. మనమెందుకు మానాలి?" అన్నాడు.

ఇందులో న్యాయం ఉంది. మన దేశంలో ఒక్కో మనిషి వల్ల ఏటా వచ్చే కార్బన్ డయాక్సైడ్ సుమారు 2 టన్నులు. అమెరికాలో 14 టన్నుల పైచిలుకు. పొద్దున్నే తెప్ప వేసుకుని వెళ్లే మాయాపట్నం కుటుంబం వాటా ఆ 2 టన్నుల్లో కూడా ఎంతో తక్కువ. బిల్లు మాత్రం వాళ్ల గుమ్మం ముందుకే వస్తోంది. అంతర్జాతీయ సమావేశాల్లో మన దేశం ఈ మాట అడగడం సబబే, అడగాలి కూడా.

కాకపోతే, మనిషి లెక్కలో చిన్నవాళ్లమైనా మొత్తం లెక్కలో చైనా, అమెరికా తర్వాత మూడో స్థానం మనదే. 2070 నాటికి నెట్ జీరో అని 2021లో గ్లాస్గోలో మాట ఇచ్చాం. అదీగాక ఆ 2 టన్నుల సగటులో ఉప్పాడ జాలరీ ఉన్నాడు, ఏడాదికి నాలుగు సార్లు విమానం ఎక్కి, ఏసీ ఆపకుండా నిద్రపోయే నా లాంటి వాడూ ఉన్నాడు. అమెరికాని మనం ఏ ప్రశ్న అడుగుతున్నామో, మాయాపట్నం మామ్మ హైదరాబాద్‌ని అదే ప్రశ్న అడగొచ్చు.

నేను ప్లాస్టిక్ స్ట్రా మానేస్తే ఉప్పాడలో కెరటం ఆగదు. కరెంటు ఎక్కడి నుంచి రావాలి, ఊళ్లలో బస్సులు ఉండాలా వద్దా, పోర్టు పెంచేటప్పుడు పక్క ఊరి ఇసుకకి పూచీ ఎవరిది, ఇవి ఓట్లతోనూ ప్రశ్నలతోనూ తేలే విషయాలు. మన తీరంలో వచ్చే ప్రతి కొత్త ప్రాజెక్టుకీ మూడు ప్రశ్నలు చాలు. ఇసుక దారిని ఇది ఎక్కడ ఆపుతుంది? ఆపిన ఇసుకని ఎవరు, ఎవరి ఖర్చుతో దాటిస్తారు? 2050 నాటి సముద్ర మట్టానికి లెక్క వేశారా? జవాబు లేని చోట అనుమతి ఎందుకు అని అడగడానికి సైంటిస్టు అవ్వక్కర్లేదు.

ఇది ఉప్పాడ ఒక్కదాని గొడవ కూడా కాదు. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 దాకా దేశ తీరాన్ని శాటిలైట్ చిత్రాలతో పోల్చి చూసింది. 33.6 శాతం తీరం కోతకి గురవుతోంది. 26.9 శాతం చోట ఇసుక పెరుగుతోంది. ఒక చోట పోయింది ఇంకో చోట పడుతోంది, మధ్యలో మనం ఏం కట్టాం అన్నదాన్ని బట్టి.

"అయితే ముందు దేన్ని పట్టుకోవాలంటావ్?" అన్నాడు బావ, వాకలపూడి దగ్గర బండి ఆపి.

"ఈ ఏడాది ఇసుక. ఈ పదేళ్లలో తీరం మొత్తానికి కలిపి ఒక ప్లాన్. కార్బన్ తగ్గించడం మాత్రం ఇవాళే మొదలవ్వాలి బావా, దాని ఫలితం మీ పిల్లలకి కనిపిస్తుంది."

"లెక్క బాగానే ఉంది. తుఫాను మాత్రం అక్టోబర్‌లోనే వస్తాది" అన్నాడు. 2025 అక్టోబర్‌లో మొంథా వచ్చినప్పుడు ఈ రోడ్డు మీద పని చేసిన వాళ్లలో ఆయనకి తెలిసినవాళ్లు ఉన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఉండాల్సింది కూడా నా దగ్గర కాదు.

మీరు వెళ్లాలనుకుంటే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మంచి సమయం. పిఠాపురం నుంచి కూడా ఉప్పాడ దగ్గరే. పోటు మీదున్నప్పుడు రాళ్ల మీదకి ఎక్కకండి, రీల్ కోసం అసలే వద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. జాందానీ చీర కొనాలనుకుంటే మగ్గం దగ్గరికే వెళ్లండి. ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒక్కో పువ్వునీ చేత్తో ఎలా ఎక్కిస్తారో చూశాక బేరం ఆడబుద్ధి కాదు. వెళ్లినప్పుడు అరవై దాటిన ఎవరినైనా ఒక్క మాట అడగండి: "మీ పెళ్లినాటికి ఒడ్డు ఎక్కడుండేదండీ?" వాళ్లు వేలు చూపించే చోట ఇప్పుడు పడవలు తిరుగుతుంటాయి.